గుంతలో మనిషిని దించే ముందు

2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఎల్‌బీ నగర్‌లో సెల్లార్ తవ్వుతుండగా మట్టి విరిగిపడి ముగ్గురు కూలీలు చనిపోయారు. ఇది విధి కాదు, ఆపగలిగిన చావు.

దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో రెండు వందల గజాల జాగాలో ఇల్లు కట్టే చిన్న కాంట్రాక్టర్ ఇబ్బంది నిజమైనదే. చదరపు అడుగుకు ఇంతని రేటు మాట్లాడుకుంటాడు. అందులో హెల్మెట్లకూ, ఆసరా కర్రలకూ లెక్క ఉండదు. పొద్దున కూలీల అడ్డా మీద దొరికిన కూలీ రేపు ఇంకో సైటుకు పోతాడు. అతనికి ప్రమాదం గురించి చెప్పేదెవరు?

గుంత గోడ ఒకటిన్నర మీటర్లు, అంటే సుమారు ఐదడుగులు దాటితే, దాన్ని వాలుగా కోయాలి, లేదా ఆసరా కట్టాలి. నిర్మాణ కార్మికుల కోసం చేసిన 1998 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఈ జాగ్రత్త ఉంది. మన దగ్గర జాగా ఇరుకు కాబట్టి గోడను నిలువుగా కోస్తారు, తవ్విన మట్టిని అంచునే పోస్తారు. ఆ బరువే గోడను కూలుస్తుంది. వాన పడ్డాక, పక్కింటి సంపు కారేచోట, ముప్పు ఇంకా ఎక్కువ. ఒక ఘనపు మీటరు మట్టి సుమారు టన్నున్నర తూగుతుంది. అది ఛాతీ మీద పడితే ఊపిరి ఆడదు.

ఇల్లు కట్టించుకునే యజమానులారా, ఆసరా ఖర్చును ఒప్పందంలో విడిగా రాయించి, ఆ డబ్బు ముందే ఇవ్వండి. మేస్త్రీలారా, అంచులు చూసుకోకుండా ఎవరినీ గుంతలోకి దించకండి.