శనగపచ్చ పురుగు – దాని జీవనము, వ్యాప్తి
(ఉపన్యాస పాఠము)



కొత్తపట్నమున సముద్రతీరమంతయు ఇసుకనేల. పడమరగా ఒంగోలు దాటినచో నల్లరేగడి ఆరంభమగును. ఆ రేగడిలో పండు పత్తి, మిరప, కంది, శనగ పైరులన్నింటికిని ఉమ్మడి శత్రువు ఒకటి కలదు. అదియే శనగపచ్చ పురుగు. శాస్త్రజ్ఞులు దీనిని హెలికోవెర్పా ఆర్మిజెరా అందురు.

రైతు చేలో చూచునది దీని గొంగళి దశను మాత్రమే. తల్లియైన రెక్కల పురుగు పగటివేళ ఆకుల మరుగున దాగియుండి, ప్రొద్దు క్రుంకిన పిదప సంచరించును. ఎండుగడ్డి వన్నె గల దాని ముందు రెక్కలపై చిక్కుడు గింజవంటి మచ్చయుండును. వెనుక రెక్కలు పాలిపోయి, అంచున పొగచూరినట్లు కనబడును. పూల తేనెయే దాని ఆహారము.

ఆడ పురుగు లేత చిగుళ్ళపైన, మొగ్గలపైన గ్రుడ్లను ఒక్కొక్కటిగా విడివిడిగా పెట్టును. పొగాకు లద్దె పురుగు గ్రుడ్లను ఒకేచోట కుప్పగా పెట్టి నూగుతో కప్పును గనుక ఆ ఆకును త్రుంచి పారవేయవచ్చును. దీని విషయమున ఆ సులువు లేదు. ఒక్క తల్లి వేయికి పైగా గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్డు వెడలిన పిల్ల మొదట లేత ఆకును గీకి తిని, పిదప మొగ్గను, కాయను తొలుచును. తల కాయలోపలను, ఒడలు వెలుపలను ఉంచి తినుట దీని ఆనవాలు. ఆకుపచ్చ, గోధుమ, లేత గులాబి మున్నగు రంగులలో కనబడును. ఒకేచోట రెండు చేరినచో ఒకదానినొకటి తినుటయు కలదు. పెరిగిన పిమ్మట నేలలో దిగి ప్యూపాగా మారును. ఈ వెచ్చని సీమలో నెల, నలువది దినములలో ఒక తరము ముగియును. చలి తీవ్రమగు దేశములలో ప్యూపా నిద్రావస్థలో కాలము గడపును. ఇచట ఒక పైరు పోయిన వేరొకటి దొరకును గనుక ఏడాది పొడుగునను సంతతి సాగును.

ఆఫ్రికా, ఆసియా, దక్షిణ ఐరోపా, ఆస్ట్రేలియా ఖండములందు ఇది చిరకాలముగా కలదు. 2013లో బ్రెజిల్ దేశమునను ఉన్నట్లు వెల్లడియైనది. గాలివాలున రాత్రులు దూరప్రయాణము చేయగల జీవికి ఊరి పొలిమేరలు అడ్డు కావు.

1980 ప్రాంతమున సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ వంటి మందులు వచ్చినపుడు రైతులు సంతోషించిరి. తొలుత పురుగు చచ్చెను. కాని వేలకొలది పురుగులలో ఏ కొన్నియో మందును తట్టుకొని బ్రతికెను. వాని సంతానమే మరుసటి తరమాయెను. ఎంత తరచుగా చల్లిన అంత త్వరగా ఆ మొండి సంతతి పెరిగెను. పురుగును తిను సాలీళ్ళు, అల్లిక రెక్కల పురుగులు, పరాన్నజీవులు మాత్రము నశించెను. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలపై ఈ పురుగు విరుచుకుపడెను. పదేపదే చల్లినను ఫలము లేదు. అప్పులు తీర్చు దారి కానక పెక్కుమంది రైతులు ప్రాణములు తీసికొనిరి. పురుగును చంపని మందు మనుష్యుని చంపెను. ఆ కుటుంబముల దుఃఖమును ఈ సీమ మరువరాదు.

2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన పిదప పత్తిలో దీని ఉద్ధృతి తగ్గినది. కంది, శనగ పైరులకు ఆ రక్ష లేదు. పత్తిలోనైనను గులాబిరంగు పురుగు ఆ విషమునకు అలవాటుపడి తిరిగి తలయెత్తినది. ఒకే ఆయుధమును నమ్ముట ఎంత చేటో రెండవమారు రుజువైనది.

కావున పురుగు నడవడి నెరిగి, దాని ప్రతి దశయందును ఎదుర్కొనుట మేలు. వేసవిలో లోతుదుక్కి దున్నినచో ప్యూపాలు బయటపడి ఎండకు, కొంగలకు బలియగును. లింగాకర్షక బుట్టలు రెక్కల పురుగుల రాకను ముందే తెలుపును. చేలో నాటిన పంగల కఱ్ఱలపై పక్షులు వ్రాలి గొంగళ్ళను ఏరుకొనును. బంతిమొక్కలు తల్లి పురుగును ఆకర్షించును. గొంగళ్ళు చిన్నవిగా నున్నపుడు వేపగింజల కషాయమును, ఎన్.పి.వి. ద్రావణమును సాయంవేళ చల్లవలెను. ఎన్.పి.వి. సోకిన పురుగు కొమ్మకు తలక్రిందులుగా వ్రేలాడి చచ్చును. ఎదిగిన పురుగులను చేతితో ఏరివేయుటయే మంచిది. రసాయనము కడపటి మార్గము. అదియు ఒకే రకమును మరల మరల వాడరాదు.

చదువరులైన యువకులు ఈ సంగతులను చదువురాని పెద్దలకు చేని గట్టునే వివరించిన మేలు. మందు డబ్బా మూత తీయుటకు ముందు ఆకు త్రిప్పి చూచు అలవాటు ఇంటింట నెలకొన్ననాడు, గ్రంథాలయమునకు పెట్టిన ప్రతి కాసును సార్థకమగును.