మన బాహుదా నది
(తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



ఇటీవల మా ఆఱవ తరగతి పిల్లలను నదుల పేర్లు చెప్పుడని యడిగితిమి. గంగ మొదలు కావేరి వఱకు తడుముకొనక చెప్పిరి. బరంపురము నుండి అమ్మమ్మగారి యింటికి పోవునపుడెల్ల ఇచ్ఛాపురము దగ్గఱ రైలువంతెన క్రింద కనబడు ఏటి పేరేమనగా, ఒక్కరును నోరు విప్పలేదు. తప్పు వారిది కాదు. మేమును చెప్పి యుండలేదు. నేడు మీ యెదుట ఆ బాకీ కొంత తీర్చుకొందుము.

బాహుదా గజపతి జిల్లాలోని సింగరాజు కొండలలో పుట్టినది. మొత్తము నడక సుమారు 96 కిలోమీటర్లు. 1465 కిలోమీటర్ల గోదావరి ముందు ఇది సెలయేఱే. అయినను ఒడిశాలో పుట్టి, ఆంధ్రప్రదేశమున ప్రవేశించి, ఇచ్ఛాపురమును ఒరసికొని, మరల ఒడిశాకు వచ్చి, సోనాపురమునొద్ద బంగాళాఖాతమున కలియుచున్నది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనది. ఆ సరిహద్దు వార్త ఈ నీటికి నేటికిని అందలేదు. మన చుట్టరికములకును అంతే.

ఇట్టి నదులకు కొండయు దగ్గఱ, కడలియు దగ్గఱ. గోదావరి వరద ఎగువనుండి దిగుటకు దినములు పట్టును. ఇచట కొండమీది వాన గంటలలో క్రిందికి వచ్చును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు గజపతి కొండలలో కుండపోతగా కురిసి, కొండచరియలు విరిగి ప్రాణములు పోయినవి. కావున మన నెత్తిన ఎండ కాయుచున్నను, ఎగువ మబ్బు పట్టినచో పిల్లలను ఏటిలోనికి దిగనీయకుడు. ఈ మాట భూగోళపాఠముకంటె ముందు చెప్పవలసినది.

1929లో కట్టిన ఇచ్ఛాపురపు పాత వంతెన 2023 మే 3న కూలినది. అది నది చేసిన పని కాదు. రాతిదిమ్మెలు మోయు లారీ బరువునకు కూలినది.

అన్నిటికంటె చూడదగినది మొగ. నైరృతి ఋతువున అలలు తీరము వెంబడి ఇసుకను ఉత్తరమునకు నెట్టుచుండును. ఏటికి బలము తగ్గినచో ఆ యిసుక మొగకడ్డముగా తిన్నె కట్టును. దారి పూడిన కొలది కడలినుండి చేపపిల్లలు, రొయ్యపిల్లలు లోనికి రాజాలవు. వలవేయు కుటుంబములకు దిగులు. పెద్ద వరద వచ్చి తిన్నెను కోసినపుడే మరల ద్వారము తెఱచుకొనును. నది మోసికొనివచ్చు ఇసుకయే తీరమునకు తిండి. ఏటిని ఇసుకగనిగా మాత్రమే చూచువారు ఈ సంగతి ఎఱుగరు కాబోలు.

సంక్రాంతి సెలవుల తరువాత పిల్లలను సోనాపురము మొగకు తీసికొనిపోదలచితిమి. పులిహోర పొట్లములు కట్టి పంపుడు. త్రాగునీరు మఱువవలదు; అచటి నీరు ఉప్పన.