అడిగించు హాస్యము

హాస్యములలో ఒక చిత్రమైన జాతి కలదు. అందులో నవ్వించువాడు ఎదుటివానిచేత ఒక ప్రశ్న అడిగించును. ఉచ్చు ఆ ప్రశ్నలోనే ఉండును. అడిగినవాడు తన నోటితోనే దానిని బిగించుకొనును.

ఆంగ్లభాషలో దీనికొక ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. ఒకడు వచ్చి, "సంతలో మంచి హెన్‌వే కొన్నాను" అనును. అట్టి వస్తువు లోకములో లేదు. విన్నవాడు మర్యాదకైనను, "వాట్స్ ఎ హెన్‌వే?" అని అడుగును. "మూడు నాలుగు పౌన్లు" అని జవాబు వచ్చును. హెన్ అనగా కోడిపెట్ట. వే అనగా తూగుట. హెన్‌వే ఏమిటని వాడడుగగా, కోడిపెట్ట ఎంత తూగునని అడిగినట్లు వినబడినది.

ఇదే ప్రశ్నను ఆంగ్ల లిపిలో వ్రాసి చూపినచో అక్షరములే మోసమును బయటపెట్టును. ఈ హాస్యము చెవి సొత్తు. కనుకనే రేడియోకు ఇది దగ్గర చుట్టము. అమెరికాలో 1936లో తలుపు తట్టు హాస్యములు వెల్లువగా వ్యాపించెను. "టక్ టక్" అన్నచో "ఎవరది?" అని అడుగక తప్పదు, పేరు చెప్పినచో "ఆ పేరుగల వారెవరు?" అని మరల అడుగక తప్పదు. 1938లో ఆబట్, కాస్టెల్లో అను హాస్యజంట కేట్ స్మిత్ రేడియో కార్యక్రమములో ఒక బేస్‌బాల్ సంభాషణము వినిపించిరి. అందు ఒక ఆటగాని పేరు 'హూ', అనగా ఎవరు; మరొకని పేరు 'వాట్', అనగా ఏమిటి; ఇంకొకని పేరు 'ఐ డోంట్ నో', అనగా నాకు తెలియదు. మొదటి స్థానములో ఎవరని కాస్టెల్లో అడుగును. అవునని ఆబట్ బదులు చెప్పును. ప్రశ్నయే జవాబగుటచే ఆ చిక్కు ఎంతకును వీడదు.

మన యిండ్లలోను ఈ వరుస హాస్యములకు కొదువ లేదు. పండుగకు వచ్చిన కొత్త అల్లునితో మరదలు, "బావగారూ, ఒక మాట చెప్పమంటారా?" అనును. ఆయన నిండు మనస్సుతో "చెప్పు" అనును. "చెప్పు గుమ్మం బయటే విడిచారుగా!" అని ఆమె లోపలికి పారిపోవును. ఇల్లంతయు నవ్వును, అల్లుడును నవ్వును. మరునాడు ఆయనయే ఆ ఉచ్చును బావమరదికి పన్నును. చిక్కినవానికి మరల పన్ను వంతు దొరకుటయే ఈ ఆటలోని ధర్మమని మా అభిప్రాయము.

ఆ వంతు దొరకనిచోట మాత్రము నవ్వు ముల్లగును. బడిపిల్లలలో మరియొక వేడుక కలదు. "'ఐ డోంట్ నో' అంటే తెలుగులో ఏమిటి?" అని ఒకడడుగును. "నాకు తెలియదు" అని రెండవవాడనును. "ఇంతమాత్రం తెలియదా!" అని మొదటివాడు గేలిచేయును. ఇద్దరికి ఇంగ్లీషు వచ్చినచో ఇది సరదా. ఇంగ్లీషు చదువుకొనని నాయనమ్మను అడిగి నవ్వినచో అది సరదా కాదు. ఆమె ఆ ఆటను తిరిగి ఆడలేదు. అటులనే "అదేమిటి?" అని అడిగినప్పుడెల్ల నవ్వులపాలైన పిల్లవాడు కొన్నాళ్లకు అడుగుట మానును. అడుగుట మానినవానికి చదువెట్లు వచ్చును?

ఒక్క సంగతి గమనింపుడు. "నాకు తెలియదు నాయనా" అని నాయనమ్మ అన్నప్పుడు, ఆమె సరియైన అనువాదమే చెప్పినది. ఆ ప్రశ్నకు అంతకన్న మంచి జవాబు ఏ పండితుడును చెప్పలేడు. ఇకమీదట మీ ఇంటి చిన్నవాడు ఈ ప్రశ్నతో ఆమెవద్దకు పోయినచో, నూటికి నూరు మార్కులు ఆమెకే వేయుడు.