మిగిలిన నీటి లెక్క

 

ఈ రోజు పట్టాలు అందుకుని, బోనకల్లులో రైలెక్కి మీలో చాలామంది ఇక హైదరాబాద్ దారి పడతారు. అక్కడ 1971లో మొదలైన అణు ఇంధన సముదాయం ఉంది. అణు విద్యుత్ కేంద్రాలకు కావలసిన ఇంధనాన్నీ, ఆ ఇంధనాన్ని నింపే జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలనూ అక్కడ తయారుచేస్తారు. మన అశ్వాపురంలో తయారయ్యే భారజలం గురించి ఈ ప్రాంతంలో పుట్టిన మీరు వినే ఉంటారు. ఆ భారజలం వాడే రియాక్టర్లలోనే ఈ గొట్టాలూ ఉంటాయి. వాటి వెనక ఉన్న రసాయనశాస్త్రం మీరు చదువుకున్నదే.

జిర్కోనియం మనకు కేరళ, తమిళనాడు తీరాల ఇసుకలో దొరికే జిర్కాన్ నుంచి వస్తుంది. దాన్ని విడవకుండా హాఫ్నియం కూడా వస్తుంది, ఇంచుమించు 2 శాతం. పరమాణు సంఖ్యలు 40, 72. అంత తేడా ఉన్నా, లాంథనైడ్ సంకోచం వల్ల రెండింటి అయాన్లూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. 1923లో కోపెన్‌హేగన్‌లో కోస్టర్, హెవెసీ ఎక్స్‌రే వర్ణపటంలో పట్టుకునేదాకా హాఫ్నియం జిర్కోనియం చాటునే ఉండిపోయింది. న్యూట్రాన్ దగ్గర మాత్రం ఈ పోలిక చెల్లదు. జిర్కోనియం న్యూట్రాన్లను దాదాపుగా ముట్టుకోదు. హాఫ్నియం అంతకు 500 రెట్లకు పైగా మింగేస్తుంది. అందుకే గొట్టానికి వాడే లోహంలో హాఫ్నియం పది లక్షల భాగాల్లో 100 భాగాలు దాటకూడదు.

హాఫ్నియాన్ని వేరుచేసే పని ద్రావణి నిష్కర్షణ చేస్తుంది. నైట్రికామ్లం కలిసిన నీటిలో రెండు లోహాలూ ఉంటాయి. కిరోసిన్‌లో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్‌ను ఆ నీటికి తాకిస్తే జిర్కోనియం నైట్రేట్ దానితో జతకట్టి కిరోసిన్ పొరలోకి వెళ్తుంది. హాఫ్నియం చాలావరకు నీటిలోనే ఆగుతుంది. తర్వాత జిర్కోనియాన్ని కిరోసిన్ నుంచి మళ్లీ వేరే జలద్రావణంలోకి దించుతారు.

ఒక్కసారితో ఇది అయిపోదు. మీ ల్యాబ్‌లోని సెపరేటింగ్ ఫన్నెల్‌నే తీసుకోండి. విభజన గుణకం 4 అనుకుందాం, అంటే లోహపు గాఢత నీటిలో కన్నా ద్రావణిలో నాలుగు రెట్లు. 100 మి.లీ. నీటికి 100 మి.లీ. ద్రావణి ఒకేసారి పోసి కుదిపితే నీటిలో 20 శాతం లోహం మిగిలిపోతుంది. అదే ద్రావణిని 50 చొప్పున రెండుసార్లు పోస్తే 11, 25 చొప్పున నాలుగుసార్లు పోస్తే 6 శాతమే మిగులుతుంది. ద్రావణి ఒక్క చుక్క కూడా పెరగలేదు. సబ్బు పోవడానికి మీ అమ్మగారు బట్టల్ని కొద్దికొద్ది నీళ్లతో పలుమార్లు జాడించడంలో ఉన్న లెక్కే ఇది. కర్మాగారంలో నీరు ఒకవైపు నుంచి, ద్రావణి ఎదురువైపు నుంచి దశలవారీగా నడుస్తాయి.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. రికార్డులో మనం ఎంత లోహం వచ్చిందో రాస్తాం, మార్కులూ దానికే. ఫన్నెల్ కింది నుంచి దించేసిన నీరు సింకులోకి పోతుంది. ఈ అలవాటు నాకు ఎన్నడూ నచ్చలేదు. ఆ నీటిలో ఆమ్లం ఉంది, నైట్రేట్ ఉంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదని భారతీయ ప్రమాణం చెబుతోంది. దాటితే ముందుగా దెబ్బతినేది పాలు తాగే పసిపిల్లలు, వాళ్ల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు. బావినీటి మీద బతికే ఊళ్లకు ఇది చిన్న సంగతి కాదు. పైగా కర్మాగారంలో అలా మిగిలే నీటిలో హాఫ్నియం కూడా ఉంది. గొట్టానికి పనికిరాని ఆ గుణమే రియాక్టర్‌ను అదుపు చేసే కడ్డీలకు కావాలి.

మీలో కొందరు మందుల కంపెనీలకు, కొందరు నీటి పరీక్షా కేంద్రాలకు వెళ్తారు. చేరిన వారంలోనే ఒక ప్రశ్న అడగండి: ఇక్కడ మిగిలిన నీరు ఎటు పోతోంది? జవాబు కాగితం మీద చూపిస్తే సరిపెట్టుకోకండి, నడిచి వెళ్లి ఆ నీరు పోయే గొట్టం చివర చూసి రండి.

కొందరు పాత బ్యాటరీల నుంచి లోహాలు తీసే కొత్త పరిశ్రమల్లో చేరవచ్చు. అక్కడ భాస్వరంతో కూడిన సేంద్రియ ఆమ్లాలు వాడి, పీహెచ్‌ను జాగ్రత్తగా పట్టి ఉంచి, ముందు కోబాల్ట్‌ను, ఆ తర్వాత నికెల్‌ను వేరు చేస్తారు. ఆ రెండూ పోయాక చివర మిగిలే నీటిలో లిథియం ఉంటుంది. దాన్ని కార్బొనేట్‌గా అవక్షేపించి మళ్లీ బ్యాటరీకే వాడవచ్చు.