వెనుక వరుస నుండి వచ్చే లుఖ్మా

సకల స్తోత్రాలు సర్వలోకాల పోషకుడైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, వారి సహచరులందరిపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

తమ చేతి కింద కొందరిని పెట్టుకుని పనిచేయిస్తున్న వారిని ఉద్దేశించి నేటి ఖుత్బాలో కొన్ని మాటలు చెప్పదలచుకున్నాము. ఇది అధికారులకు సంబంధించిన విషయమని ఎవరూ తమను తాము మినహాయించుకోవద్దు. ఇద్దరు కూలీలతో గోడ కట్టే మేస్త్రీ, మెకానిక్ షెడ్డులో నలుగురు కుర్రవాళ్లకు పని నేర్పే ఉస్తాద్, దర్జీ దుకాణం నడిపే సోదరుడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టీముకు లీడ్‌గా ఉన్న యువకుడు, రియాద్‌లోనో దోహాలోనో ఫోర్‌మన్‌గా ఉన్న మన బంధువు, పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు, మస్జిద్ కమిటీ సదర్ సాహెబ్ — వీరందరూ ఈ మాటల పరిధిలోనివారే. మీలో ప్రతి ఒక్కరూ కాపరులేనని, ప్రతి కాపరీ తన సంరక్షణలో ఉన్నవారిని గురించి ప్రశ్నించబడతాడని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది.

నాయకుడు తనను తాను ఎలా మెరుగుపరచుకోవాలన్న విషయంపై నేడు పుస్తకాల దుకాణాలలో ఎన్నో గ్రంథాలు దొరుకుతాయి. తెల్లవారుజామున లేవండి, దినచర్య వ్రాసుకోండి, రోజూ కొన్ని పుటలు చదవండి అని అవి బోధిస్తాయి. మంచి మాటలే. ఫజ్ర్ నమాజుకు లేచేవారికి వాటిలో మొదటిది కొత్తదేమీ కాదు. అయితే ఈ అలవాట్లన్నీ మనిషి ఒంటరిగా కూర్చుని చేసుకునేవి. నాయకునికి సోకే వ్యాధి మాత్రం ఒంటరిగా కూర్చుంటే కనిపించేది కాదు. మనిషి ఒక్కొక్క మెట్టు పైకి ఎక్కేకొద్దీ అతనికి నిజం చెప్పేవారి సంఖ్య తగ్గిపోతుంది. అతని హాస్యానికి అందరూ నవ్వుతారు. అతని ఆలోచనకు అందరూ తల ఊపుతారు. పదేళ్ల క్రితం తోటివారు నిలదీసిన తప్పునే నేడు చేసినా ఎవరూ నోరు మెదపరు. ఆ మౌనాన్ని అతడు తన యోగ్యతకు నిదర్శనంగా భావిస్తాడు.

ఈ వ్యాధికి చికిత్సను అల్లాహ్ మన నమాజులోనే ఉంచాడు. కాస్త గమనించండి. ఇమామ్ ముందు నిలబడతాడు, అందరూ అతనిని అనుసరిస్తారు. అతని కంటే ముందుగా తల ఎత్తడం కూడా తగదు. ఇంతటి విధేయత మరెక్కడా కనిపించదు. అయినా, అతడు పొరబడినప్పుడు వెనుకనున్నవారు మౌనంగా ఉండిపోవాలని షరీఅత్ చెప్పలేదు. పురుషులు సుబ్‌హానల్లాహ్ అనాలి, స్త్రీలు చేతితో చప్పుడు చేయాలి అని నేర్పింది. అంటే, చివరి వరుసలో నిలబడిన స్త్రీకి సైతం ఇమామ్ పొరపాటును తెలియజేసే మార్గం ఉన్నది. ఇమామ్ పారాయణంలో ఎక్కడైనా ఆగిపోతే వెనుక నుండి ఒకరు ఆ పదాన్ని అందిస్తారు. దీనిని ఉర్దూలో ‘లుఖ్మా’ ఇవ్వడం అంటాము. లుఖ్మా అంటే అన్నపు ముద్ద. మన పెద్దలు దీనికి తప్పు పట్టడమని పేరు పెట్టలేదు, ముద్ద అందించడమని పెట్టారు. ఆకలిగా ఉన్నవాడు ముద్ద అందించినవారిపై కోపగించుకోడు కదా!

రమజాన్ తరావీహ్‌లో ఈ ఏర్పాటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ముందు హాఫిజ్ నిలబడతాడు. ఆయన వెనుక మరొక హాఫిజ్‌ను వినడానికే నియమిస్తారు. ఆయనను ‘సామిఅ’ అంటారు. ఇరవై ఏళ్లుగా తరావీహ్ చదివిస్తున్న హాఫిజ్ సైతం ‘నాకు సామిఅ ఎందుకు?’ అనడు. సామిఅ లేని రోజున ఆయనకే గుండె దడగా ఉంటుంది. సోదరులారా, మీ దుకాణంలో, మీ కార్యాలయంలో, మీ సంఘంలో మీ వెనుక నిలబడిన సామిఅ ఎవరు? ఈ ప్రశ్నకు వెంటనే ఒక పేరు చెప్పగలిగినవారు అదృష్టవంతులు.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటనను ఇక్కడ వివరంగా చెప్పవలసి ఉన్నది. దైవప్రవక్త (సఅసం) ఒక రోజు నాలుగు రకాతుల నమాజును రెండు రకాతులకే ముగించి సలాం చెప్పారు. తరువాత లేచి మస్జిద్ ముందుభాగాన ఉన్న ఒక దుంగకు ఆనుకుని నిలబడ్డారు. వారి ముఖంలో ఆగ్రహం వంటిది కనిపిస్తున్నది. తొందరలో ఉన్నవారు నమాజు తగ్గించబడిందని చెప్పుకుంటూ బయటికి వెళ్లిపోయారు. ఆ సమూహంలో హజ్రత్ అబూబకర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) కూడా ఉన్నారు. వారిద్దరూ మాట్లాడడానికి జంకారని ఉల్లేఖనంలో స్పష్టంగా ఉన్నది. అప్పుడు చేతులు పొడుగ్గా ఉన్నందువలన ‘జుల్‌యదైన్’ అని పిలువబడే ఒక వ్యక్తి ముందుకు వచ్చి, తమరు మరచిపోయారా లేక నమాజే తగ్గించబడిందా అని అడిగారు. ఆ రెండూ కాదని ప్రవక్త (సఅసం) బదులిచ్చారు. అయినా మాటను అంతటితో వదిలివేయలేదు. అక్కడున్న వారివైపు తిరిగి, జుల్‌యదైన్ చెప్పేది నిజమేనా అని విచారించారు. అవునన్నారు వారు. వెంటనే ముందుకు వెళ్లి మిగిలిన రకాతులు పూర్తిచేసి, మరుపుకు రెండు సజ్దాలు చేశారు. నమాజు మధ్యలో మాట్లాడడం గురించి ధర్మశాస్త్రవేత్తలు ఈ హదీసుపై చేసిన చర్చ పెద్దది, దానిని మద్రసా విద్యార్థులకు వదిలివేద్దాం. మనకు కావలసినవి ఇందులో వేరే ఉన్నాయి.

మొదటిది, మాట్లాడడానికి జంకినవారు సామాన్యులు కారు. ప్రవక్త (సఅసం)కు అందరికంటే సన్నిహితులు, ఇస్లాంలో అందరికంటే ధైర్యవంతులు. కాబట్టి, ‘ఏదైనా ఉంటే మావాళ్లు మొహమాటం లేకుండా చెబుతారు’ అని ధీమాగా ఉండే యజమాని కాస్త ఆలోచించాలి. రెండవది, తాము మరచిపోలేదన్న నమ్మకం ప్రవక్త (సఅసం)కు ఉన్నది. అయినా అడిగినవానిని గద్దించలేదు, ఇతరులను విచారించారు. మూడవది, నిజం తేలిన తరువాత సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చోలేదు. మిగిలిన పని పూర్తిచేశారు, అందరి ఎదుటే సజ్దా చేశారు. హజ్రత్ ఇబ్నె మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన మరొక హదీసులో, తామూ మానవులమేనని, మీరు మరచినట్లే తామూ మరుస్తామని, మరచినప్పుడు గుర్తుచేయమని వారు సహచరులను కోరారు. గుర్తుచేయడాన్ని సహించడం ఒక మెట్టు. గుర్తుచేయమని ముందుగానే కోరడం అంతకంటే పై మెట్టు.

ఇది మస్జిద్ గోడల మధ్య మాత్రమే పనికివచ్చే పాఠమనుకోవద్దు. 1977 మార్చి 27న స్పెయిన్ దేశానికి చెందిన టెనెరీఫ్ ద్వీపంలోని విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు కమ్ముకుని ఉన్నది. ఒక పెద్ద విమానం ఇంకా రన్‌వే మీద ఉండగానే, రెండవ విమానపు కెప్టెన్ అనుమతి పూర్తిగా రాకముందే పరుగు ప్రారంభించాడు. ఆయన సామాన్యుడు కాడు, ఇతర పైలట్లకు శిక్షణ ఇచ్చేవాడు. వెనుక కూర్చున్న ఇంజనీరుకు ఆ మొదటి విమానం రన్‌వే మీదనుండి తప్పుకుందా అన్న సందేహం కలిగింది, అడిగాడు. కెప్టెన్ నిస్సందేహంగా తప్పుకుందన్నాడు. ఇంజనీరు ఇక రెట్టించలేదు. కొన్ని క్షణాలలో రెండు విమానాలూ ఢీకొని 583 మంది మరణించారు. పొగమంచు, రేడియోలో మాటలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం వంటి ఇతర కారణాలు కూడా ఉన్నాయి. కానీ ఆ ఒక్క ప్రశ్నను రెండవసారి అడిగి ఉంటే అన్న బాధ చదివినవారిని వదలదు. ఆ తరువాతి సంవత్సరాలలో విమాన సంస్థలు సిబ్బందికి ఒక కొత్త శిక్షణ ప్రారంభించాయి. కిందివారు సందేహాన్ని గట్టిగా చెప్పాలి, కెప్టెన్ ఆగి వినాలి అన్నదే దాని సారం.

విమానాల సంగతి అటుంచి, మన ఆటోనగర్ షెడ్డు వద్దకు రండి. జాకీ సరిగా నిలబడలేదని పదిహేడేళ్ల కుర్రవాడు చూశాడు. నిన్న ఏదో అడిగినందుకు ఉస్తాద్ పదిమంది ముందు వానిని తిట్టాడు. నేడు వాడు నోరు విప్పుతాడా? విప్పకపోతే కారు కింద పడుకుని ఉన్నది ఎవరు? ఉస్తాద్ నిన్న వృథా చేసుకున్నది కుర్రవాని గౌరవం ఒక్కటే కాదు, తన ప్రాణానికి ఉన్న కాపలా కూడా.

హజ్రత్ అనస్ (రజి) బాల్యం నుండి పదేళ్లు దైవప్రవక్త (సఅసం)కు సేవ చేశారు. ఆ పదేళ్లలో తమను ఒక్కసారైనా విసుక్కోలేదని, చేసిన పనికి ఎందుకు చేశావనిగానీ, చేయని పనికి ఎందుకు చేయలేదనిగానీ అడగలేదని ఆయన సాక్ష్యమిచ్చారు. ప్రవక్త (సఅసం) ఇంటి లోపలి సంగతులెన్నో ఈ బాలుని ద్వారానే మనకు చేరాయి. భయపడుతూ పెరిగిన పిల్లవానికి ఇన్ని విషయాలు గమనించే తీరిక ఎక్కడిది?

ఇక సలహా తీసుకోవడమన్న విషయానికి వద్దాం. దీనిని గురించి మాట్లాడేవారంతా షూరా అన్న పదాన్ని తేలికగా వాడుతుంటారు. షూరా ఆజ్ఞ అవతరించిన సందర్భాన్ని మాత్రం మరచిపోతారు. హిజ్రీ 3వ సంవత్సరంలో ఖురైషులు దండెత్తి వచ్చినప్పుడు, మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలన్నది దైవప్రవక్త (సఅసం) మొగ్గు. బద్ర్‌లో పాల్గొనలేకపోయిన యువకులు బయటికి వెళదామని పట్టుబట్టారు. వారి మాటను అంగీకరించి వారు బయలుదేరారు. ఉహుద్‌లో ఏమి జరిగిందో మీకు తెలుసు. కొండపై నిలిపిన విలుకాండ్రలో అధికులు ఆజ్ఞను విస్మరించి స్థానం వదిలారు. సుమారు 70 మంది సహచరులు అమరులయ్యారు. హజ్రత్ హంజా (రజి) వారిలో ఉన్నారు. ప్రవక్త (సఅసం) సైతం గాయపడ్డారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. సలహా అడిగి, దానిని పాటించి, ఇంత నష్టం జరిగిన తరువాత మనలో ఎవరమైనా ఏమంటాము? ‘ఇక మీ సలహాలు చాలు, నేను చెప్పినట్లు చేయండి’ అంటాము. ఉహుద్ సంఘటన తరువాత అవతరించిన సూరహ్ ఆలి ఇమ్రాన్ 159వ ఆయతులో అల్లాహ్ తన ప్రవక్తకు బోధించినది దీనికి పూర్తిగా భిన్నం. మీరు కఠిన హృదయులై ఉంటే వారంతా చెదరిపోయేవారని, కాబట్టి వారిని మన్నించమని, వారి కొరకు క్షమాభిక్ష కోరమని, వ్యవహారాలలో వారిని సంప్రదించమని ఆదేశించాడు. క్రమాన్ని గమనించారా? మన్నింపు ముందు, సంప్రదింపు తరువాత. నిరుటి పొరపాటును ఇంకా మనసులో పెట్టుకుని నేడు వారిని సలహా అడిగితే వచ్చేది సలహా కాదు. మీరు వినదలచుకున్న మాటే తిరిగి వస్తుంది. టీములో ఒక ప్రాజెక్టు చెడిపోయినప్పుడు, దుకాణంలో సరుకు పాడైనప్పుడు, ఆ మరుసటి ఉదయం నాయకుని నోటి నుండి వచ్చే మొదటి వాక్యం ఏమిటన్నదే అతని శిక్షణ అంతటికీ పరీక్ష.

నాయకుని ఉత్సాహం కూడా కొన్నిసార్లు ఇతరులకు భారమవుతుంది. హజ్రత్ ముఆజ్ (రజి) ఇషా నమాజులో సూరహ్ బఖరహ్ ప్రారంభించారు. పగలంతా ఒంటెలతో నీరు తోడి అలసిపోయిన ఒక వ్యక్తి విడిపోయి ఒంటరిగా నమాజు చేసుకున్నాడు. ఫిర్యాదు వచ్చినప్పుడు దైవప్రవక్త (సఅసం) మందలించినది అలసినవానిని కాదు, ముఆజ్ (రజి)ను. రాత్రి పదింటికి సందేశం పంపి వెంటనే జవాబు కోరే సోదరులు ఈ హదీసును ఒకసారి చదువుకోవాలి.

ఇవి ఒక్కరోజులో రావు. అల్లాహ్‌కు మిక్కిలి ప్రీతికరమైన ఆచరణ, కొద్దిపాటిదైనా సరే, నిరంతరం సాగేదని మనం విన్నదే. హజ్రత్ అబూజర్ (రజి) ఒకసారి ఒకరిని తల్లి పేరుతో ఎత్తిపొడిచారు. నీలో ఇంకా అజ్ఞాన కాలపు లక్షణం ఉన్నదని దైవప్రవక్త (సఅసం) ఆయనను మందలించి, మీ సేవకులు మీ సోదరులని, మీరు తినేదే వారికి తినిపించమని, తొడిగేదే తొడిగించమని, మోయలేని పని అప్పగించవద్దని, అప్పగిస్తే తోడ్పడమని బోధించారు. చాలాకాలం తరువాత రబజాలో ఆయనను చూసినవారు, ఆయన ఒంటిపైనా ఆయన సేవకుని ఒంటిపైనా ఒకే విధమైన దుస్తులు ఉండడం గమనించి ఆశ్చర్యంతో కారణం అడిగారు. అప్పుడే ఆయన ఈ సంగతి చెప్పారు. ఒక్క మందలింపు ఒక మనిషి వస్త్రధారణను జీవితాంతం మార్చివేసింది!

తన లోపాలను తనకు కానుకగా అందించేవానిపై అల్లాహ్ కారుణ్యం కురియాలని హజ్రత్ ఉమర్ (రజి) కోరుకునేవారన్నది ప్రసిద్ధం. మీ లెక్క అడగబడకముందే మీ లెక్క మీరు చూసుకోమన్న ఉపదేశం కూడా వారిదే. దుకాణం మూసేముందు గల్లాపెట్టె లెక్క చూడని వ్యాపారి మనలో ఉన్నాడా? అదే విధంగా ఈ వారం ప్రతి రాత్రి, ఇషా తరువాత, నిద్రకు ముందు, రెండు నిమిషాలు కేటాయించండి. నేడు నా ఎదుట ఎవరు చెప్పబోయిన మాటను మింగేశారు? ఎవరు చేసిన పనికి నేను మెప్పు పొందాను? ఎవరి కూలి నా జేబులో ఉండిపోయింది? చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ఆదేశం ఉన్నది కాబట్టి మూడవదానికి రేపటివరకు ఆగవద్దు. మొదటిదానికి జవాబుగా ఏ పేరు వచ్చినా, శనివారం ఉదయం ఆ మనిషి వద్దకు మీరే వెళ్లండి. వానిని మీ గదికి పిలిపించుకోవద్దు. నిలబడి అడగండి, మధ్యలో అడ్డు తగలకుండా వినండి.

మస్జిద్ కమిటీ పెద్దలకు, మాతో సహా, ఒక మాట. వజూఖానా కుళాయి గురించి, లౌడ్‌స్పీకర్ శబ్దం గురించి, లెక్కల పుస్తకం గురించి పిల్లవాడు అడిగినా, పరదా వెనుక నుండి సోదరీమణులు చీటీ పంపినా అది లుఖ్మాయే. దానిని అందుకుని నమాజు కొనసాగించాలి.

ఈ మాటలు పలికి, మా కొరకు, మీ కొరకు, విశ్వాసులైన స్త్రీపురుషులందరి కొరకు అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాము. మీరు కూడా వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.