రెండు అగ్నిపర్వతములు, ఒక పాఠము

భూమిని గూర్చిన పరిశోధన అనగానే బొగ్గు, ఇనుము, చమురు, నీరు మన తలపునకు వచ్చుట సహజము. ప్రభుత్వములు ఇట్టి శాఖలను తొలుత స్థాపించినదియు అందుకొరకే. మన దేశమున భూగర్భ సర్వేక్షణ శాఖ 1851 లో ఏర్పడినప్పుడు దానికి అప్పగించిన మొదటి పని బొగ్గును వెదకుట. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1879 లో వెలసిన భూగర్భ సర్వేక్షణ సంస్థ ప్రభుత్వ భూములను వర్గీకరించి, వాటిలోని ఖనిజ సంపదను పరిశీలించుటతో తన పని ప్రారంభించినది. కాలము గడచిన కొలది ఆ సంస్థయే నదుల నీటిని కొలుచుట, భూగర్భ జలమును అంచనా వేయుట, అడవులను, జంతుజాలమును పరిశీలించుట, భూకంపములను, అగ్నిపర్వతములను కనిపెట్టియుండుట కూడ తన బాధ్యతలుగా స్వీకరించినది. పైకి ఇవి వేరువేరు పనులు. మూలము మాత్రము ఒక్కటే. ఒక చోట నేల పొరలు ఎట్లు ఏర్పడినవో తెలిసినవారు ఆ నేలలో ఏమి దొరకునో చెప్పగలరు; ఆ నేల మీదికి ఏ ఆపద రాగలదో కూడ చెప్పగలరు.

సరే, చెప్పగలరు. ఆ చెప్పిన మాట ఎవరికి చేరవలెను? ఎప్పుడు చేరవలెను? ఎట్లు చేరిన జనులు నమ్ముదురు? ఆరేండ్ల వ్యవధిలో, భూగోళమునకు చెరియొక వైపున జరిగిన రెండు సంఘటనలు ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుచున్నవి.

మొదటిది దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున జరిగినది. అచ్చట నెవాడో దెల్ రూయిజ్ అను అగ్నిపర్వతము కలదు. ఎత్తు సుమారు 5,300 మీటర్లు. శిఖరము మీద ఏడాది పొడవున మంచు. ఇట్టి కొండ దిగువన నివసించువారికి నిప్పు కంటె నీటి వలన అపాయము ఎక్కువ. లోపలి వేడికి మంచు కరగును. ఆ నీరు బూడిదను, మట్టిని, రాళ్లను కలుపుకొని లోయల వెంట దూకును. తడి సిమెంటు వలె చిక్కనైన ఆ బురదను ఇండ్లు గాని వంతెనలు గాని ఆపలేవు. 1845 లో ఇట్టి ప్రవాహము దిగి సుమారు వేయిమందిని బలిగొన్నది. ఆ బురద ఆరిన మైదానము మీదనే తరువాత ఆర్మేరో అను పట్టణము వెలసినది. నేల సారవంతమైనది, పంటలు బాగుగ పండినవి. పాత సంగతి మరుగున పడినది.

1984 చివర కొండలో కదలిక మొదలైనది. 1985 అక్టోబరు నాటికి ప్రభుత్వ భూవిజ్ఞానులు అపాయ పటమును సిద్ధము చేసినారు. బురద దిగినచో ఏ లోయలు మునుగునో అందులో గుర్తించినారు. ఆర్మేరో పట్టణము సరిగా ఆ దారిలోనే ఉన్నది. అనగా విజ్ఞానము తన మాట చెప్పినది. అయినను ఊరిని ఖాళీ చేయించుటకు అధికారులు సంశయించినారు. ఇన్ని వేలమందిని తరలించిన తరువాత కొండ ఊరకున్నచో ఆ వ్యయమునకు, ఆ నిందకు ఎవరు బాధ్యులు? ఆ సంశయములోనే దినములు గడచినవి.

నవంబరు 13 వ తేదీ మధ్యాహ్నము ఊరి మీద బూడిద రాలినది. కంగారుపడవలదు, ఇండ్లలోనే ఉండుడు అని రేడియోలో చెప్పినారు. చర్చి ధ్వనివర్ధకములలోను చెప్పినారు. రాత్రి తొమ్మిది గంటలు దాటిన కొద్దిసేపటికి కొండ పేలినది. బురద ఆర్మేరోను చేరుసరికి పదకొండున్నర కావచ్చినది. నడుమ రెండు గంటలకు పైగా వ్యవధి ఉన్నది. ఎత్తైన నేల ఊరికి దాపుననే ఉన్నది. జనులు నిద్రించుచుండిరి. ఆ ఒక్క రాత్రి సుమారు 23,000 మంది మరణించినారు. వారిలో ఎక్కువమంది ఆర్మేరో వాసులే.

రేడియో కేంద్రమున పనిచేయు మాకు ఈ వృత్తాంతములో అన్నిటికంటె మనసును కలచు సంగతి ఆ మధ్యాహ్నపు ప్రసారము. ధైర్యము చెప్పుట మంచి పనియే. కాని అపాయము వాకిట నిలిచినప్పుడు చెప్పు ధైర్యము జోలపాట వంటిది.

ఈ ఘోరము జరిగిన మరుసటి ఏడు, 1986 లో, అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ తన దేశపు విదేశీ సహాయ శాఖతో కలసి ఒక చిన్న బృందమును ఏర్పరచినది. ఏ దేశమున అగ్నిపర్వతము మేల్కొన్నను, ఆ దేశపు ప్రభుత్వము కోరినచో, పరికరములతో వెళ్లి అక్కడి శాస్త్రజ్ఞులకు తోడ్పడుట దాని పని. ఆ బృందమునకు గొప్ప పరీక్ష 1991 లో ఫిలిప్పీన్ ద్వీపములలో ఎదురైనది. అదియే మా రెండవ సంఘటన.

లూజాన్ ద్వీపమున, మనీలా నగరమునకు వాయవ్యముగా సుమారు 90 కిలోమీటర్ల దూరమున పినటూబో పర్వతము కలదు. అది అయిదు వందల ఏండ్లుగా నిద్రించుచున్నది. వాలుల నిండ దట్టమైన అడవి. ఆ అడవిలో వేలకొలది ఏటా గిరిజనులు. దిగువన పొలములు, పట్టణములు, అమెరికా వారి క్లార్క్ విమాన స్థావరము. 1991 ఏప్రిల్ 2 న కొండ మీద ఆవిరి పేలుళ్లు కనిపించినవి. ఫిలిప్పీన్ ప్రభుత్వపు అగ్నిపర్వత, భూకంప శాస్త్ర సంస్థ వెంటనే పరికరములను నెలకొల్పినది. డాక్టర్ రేముండో పునోంగ్‌బాయన్ నాడు ఆ సంస్థకు అధిపతి. ఏప్రిల్ నెలాఖరునకు అమెరికా బృందము వచ్చి కలిసినది.

వారు చేసిన పని మూడు విధములు. కొండ చుట్టు భూకంప మాపకములను అమర్చి, లోపలి ప్రతి కంపమును రాత్రింబగళ్లు లెక్కించినారు. విమానము నుండి గంధక వాయువును కొలిచినారు. మే 13 న దినమునకు 500 టన్నులుగా ఉన్న ఆ వాయువు మే 28 నాటికి 5,000 టన్నులైనది. కరగిన శిల పైకి వచ్చుచున్నదనుటకు అది గుర్తు. ఇక మూడవది, పాత పొరలను త్రవ్వి చూచుట. ఈ కొండ అరుదుగా పేలును గాని పేలినప్పుడు మహోగ్రముగా పేలునని ఆ పొరలు తెలిపినవి.

ఇంతటితో వారు ఆగలేదు. శాస్త్ర పరిభాష సామాన్యునకు బోధపడదని గ్రహించి, ఒకటి మొదలు అయిదు వరకు అంకెలతో హెచ్చరికలను ఏర్పరచినారు. మూడు అనగా రెండు వారములలో పేలవచ్చును. నాలుగు అనగా ఇరువది నాలుగు గంటలలో పేలవచ్చును. అయిదు అనగా పేలుచున్నది. అగ్నిపర్వతమును ఎన్నడును చూడని అధికారులకు, గ్రామస్థులకు చలనచిత్రమును చూపినారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారిస్ క్రాఫ్ట్ ప్రాణమునకు తెగించి తీసిన దృశ్యములు అవి. మండుచున్న బూడిద మేఘము కొండవాలున పరుగెత్తుట కన్నులార చూచిన తరువాత సందేహించువారు తగ్గినారు. ఆ క్రాఫ్ట్, ఆయన భార్య కాత్యా, అదే ఏడు జూన్ 3 న జపానులోని ఉన్‌జెన్ అగ్నిపర్వతము వద్ద అట్టి మేఘమునకే ఆహుతియైనారు.

జూన్ 5 న మూడవ హెచ్చరిక, 7 న నాలుగవది, 9 న అయిదవది వెలువడినవి. 10 వ తేదీన క్లార్క్ స్థావరము నుండి పదునాలుగు వేలకు పైగా జనులు తరలినారు. 12 న మొదటి పెద్ద పేలుడు. 15 న మహావిస్ఫోటనము. బూడిద ముప్పది అయిదు కిలోమీటర్ల ఎత్తునకు ఎగసినది. ఇరువదవ శతాబ్దమున, 1912 నాటి అలాస్కా విస్ఫోటనము తరువాత, ఇంతటిది మరియొకటి లేదు. అదే దినమున తుపాను కూడ తాకినది. వానకు తడిసిన బూడిద బరువునకు ఇండ్ల కప్పులు కూలి వందలమంది చనిపోయినారు. కాని వేలకొలది ప్రజలు అప్పటికే దూరమున ఉన్నారు. ముందుగా ఇచ్చిన హెచ్చరిక వలన కనీసము 5,000 ప్రాణములు దక్కినవని తరువాతి అంచనా.

ఇది సంపూర్ణ విజయమనుటకు వీలులేదు. శిబిరములలో తట్టు అమ్మవారు వ్యాపించి ఏటా బిడ్డలు అనేకులు మరణించినారు. కొండ నుండి తప్పించినవారిని వ్యాధి నుండి తప్పింపలేకపోయినారు. ఊరిని ఖాళీ చేయించుటతో బాధ్యత తీరదు. చేర్చిన చోట మంచినీరు, వైద్యము, టీకాలు సిద్ధముగా ఉండవలెను.

మన తీరమున అగ్నిపర్వతములు లేవు. కాని ఈ పాఠము మనకు కొత్తది కాదు. 1977 నవంబరు 19 న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది పోయినారు. 1990 మే నెలలో అంతటి ఉద్ధృతి గల తుపాను మచిలీపట్నము చేరువనే తీరము దాటినది. అప్పుడు జనులను ముందుగా తరలించినందున మృతుల సంఖ్య వేయికి లోబడినది. గాలి మెత్తబడలేదు, మాట సకాలమున చేరినది, జనులు కదలినారు.

కావున శ్రోతలకు రెండు మనవులు. ఏ ఆపదయు లేని ప్రశాంతమైన ఏండ్లలో, కొండల మీద, తీరముల వెంట పరికరములను కాచుకొని కూర్చున్నవారి పనిని వృథా వ్యయమని తలపవలదు. పినటూబో వద్ద పనికివచ్చిన నేర్పు అట్టి ఏండ్లలోనే సమకూడినది. రెండవది, హెచ్చరిక విని ఇల్లు విడిచి వెళ్లి, ఏమియు జరుగక తిరిగి వచ్చిన నాడు హెచ్చరించినవారిని దూషింపవలదు. మే నెలలో అంతగా పెరిగిన గంధక వాయువు జూన్ తొలి దినములలో ఒక్కసారిగా తగ్గినప్పుడు పినటూబో శాస్త్రజ్ఞులు కూడ తమ మాట తప్పునేమో యని కలతపడినారు. నిందకు వెరచి వారు ఆనాడు మౌనము వహించియున్నచో పరిణామము ఏమగునో ఆర్మేరో చెప్పుచున్నది.