కుమ్మర పదజాలము – మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన సంఘ మహాసభ ఈ బడంగ్‌పేటలో జరుగుచుండగా నాలుగు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. మేము ధనవంతులము కాము, రాజకీయముల నెఱుగము. ముప్పది యేండ్లకు పైగా బాలురకు తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గొన్నవారము. కావున మాకు తెలిసిన సరకగు మాటలను గూర్చియే ప్రసంగింప దలచితిమి. మన్ను, కుండ, ఇటుక, రాయి – వీనిని గూర్చిన మన మాట లెట్టివి, అవి యెట్లు మాయమగుచున్నవి, మన మేమి చేయవలయును అనునదియే నేటి విషయము.

శాస్త్రములయందు కుమ్మరికి గల స్థానమును మనలో పలువు రెఱుగరు. తర్కము చదువు విద్యార్థికి కార్యకారణభావము బోధపడవలెనన్న ఘటమే దృష్టాంతము. మట్టి ఉపాదానకారణము, కుమ్మరి, అతని దండము, చక్రము నిమిత్తకారణములు. ఛాందోగ్యోపనిషత్తు ఆఱవ యధ్యాయమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువునకు బ్రహ్మవిద్య చెప్పబూని, ఒక్క మట్టిముద్దను తెలిసికొన్నచో మట్టితోనైన వస్తువు లన్నియు తెలిసినట్లే యని చెప్పెను. అంతటి ఋషికి ఉపమానము దొరకినది మన పెరటిలోనే. మేము ఈ పాఠములు చదువు దినములలో మా తండ్రిగారు ఇంట సారె త్రిప్పుచునే యుండిరి. అయినను ఆ దండచక్రములు మా యింట నున్నవని సహపాఠులతో చెప్పుటకు మాకు నోరాడలేదు. అందులకు నేడు సిగ్గుపడుచున్నాము. మా సిగ్గు కులమును గూర్చి కాదు; ఆ మౌనమును గూర్చి.

ఇక మాటలకు వత్తము. లోకులు మట్టి యని యొక్క మాటతో సరిపెట్టుకొందురు. కుమ్మరికి అది చాలదు. నల్లరేగడి వేఱు, బంకమన్ను వేఱు, చెరువడుగున పేరుకొన్న ఒండ్రు వేఱు, చవుడు వేఱు, మొరము వేఱు, జేగురు వేఱు. చవుటిమన్ను కుండకు పనికిరాదు. వట్టి రేగడి ఎండినంతనే బీటలు వాఱును. అందు ఇసుకయో బూడిదయో కలిపిన నిలుచును. ఈ తెలివియంతయు పేరులోనే యున్నది. పేరు తెలిసినవాడు మన్నును చూచి యెంచుకొనును. తెలియనివాడు చేతులు కాల్చుకొనును.

పాత్రల సంగతి చెప్పవలెనన్న ప్రొద్దు చాలదు. నీటికి కడవ, కాగునకు కాగు, ధాన్యమునకు బాన, వంటకు కుండ, కూరకు చట్టి, మూతకు మూకుడు, పాడికి దుత్త, కల్లునకు ముంత, పేలాలు వేయించుటకు మంగలము, దీపమునకు ప్రమిద, పిల్లల యాటకు పిడత. మన తెలంగాణమున చిన్నది గురిగి. వేసవి నీటికి రంజను. రంజను మహారాష్ట్రులతోడి పొత్తున వచ్చిన మాట, కూజా పారసీకము. వచ్చిన మాటల నన్నిటిని మన సారె తనలో కలుపుకొన్నది. కుండలు కాల్చు ఆవము సంస్కృతమున ఆపాకమని తలతుము. పగిలిన కుండపెంకు ఓడు. ఈ యోడునకు గల గౌరవము వినుడు: తిరుమలలో శ్రీవారికి నిత్యము కొత్తకుండ ఓటిలోనే పెరుగన్నము నివేదింతురు. అచ్చటనే కుమ్మరి భక్తుడైన భీముడు మట్టిపూవులతో స్వామి నర్చించెనన్న కథయు ప్రసిద్ధము.

పుట్టుక మొదలు కట్టె కాలువఱకు మన కుండ లేక జరుగదు. పెండ్లియింటికి ఐరేని కుండలను మేళతాళములతో కుమ్మరియింటినుండియే తెత్తురు. భోజన శబ్దమునుండి పుట్టిన బోనము అమ్మవారికి కొత్తకుండలోనే పోవుట పూర్వాచారము. నేడు దాని స్థానమున ఇత్తడియు స్టీలును వచ్చుచున్నవి. లోహపుబిందె వచ్చిన యింటినుండి కుండ యొక్కటియే పోలేదు. కడవ, కాగు, దుత్త అను మాటలును దాని వెంటనే పోయినవి.

ఇటుక సంస్కృతమున ఇష్టక. యజ్ఞవేదిని పేర్చినదియు ఇష్టకలతోనే. పెద్దబంకూరులో శాతవాహనుల నాటి ఇటుక కట్టడములును, మట్టియొరలు దించిన బావులును త్రవ్వకములలో బయల్పడినవి. 1213లో నిర్మితమైన పాలంపేట రామప్పగుడి శిఖరమునకు నీట తేలునంతటి తేలిక యిటుకలను వాడిరి. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. శిల్పి పేరు గుడికి నిలిచినదని లోకులు చెప్పుకొందురు. ఇటుక కాల్చినవాని పేరు నిలువలేదు. ఆ మన్నులో కలిపిన దినుసునకు వాడు పెట్టుకొన్న మాటయు మనకు చేరలేదు. మాట పోయినచో విద్యయు ఎట్లు పోవునో ఇంతకన్న నిదర్శనము వలదు.

రాతిని గూర్చి రెండు మాటలు. గుండు, బండ, కంకర, పలుగురాయి, చలువరాయి, నాపరాయి అని మన భేదములు. తాండూరు బండ, షాబాదు బండ, కడప బండ – వీనికి పుట్టిన యూరే పేరు. తమిళ కన్నడములయందు రాయికి గల కల్లను మాట తెలుగున విడిగా వాడుకలో లేకున్నను, ఓరుగల్లులో నిలిచియున్నది. దానినే పండితులు ఏకశిలానగర మనిరి. సన్నికల్లులోను అదియే యున్నది. పెండ్లిలో వధువుచేత సన్నికల్లు త్రొక్కించుట గృహ్యసూత్రములలోని అశ్మారోహణమే. పురోహితుని మాటయు, రోటికాడి మాటయు ఒక్క రాతి మీదనే నిలిచియున్నవి.

ఇక మా తప్పు నొకటి చెప్పవలయును. మేము పనిచేసిన యొక పాఠశాలలో వేసవిని గూర్చి వ్రాయుమని బాలురకు వ్యాస మిచ్చితిమి. మన కులపు బాలు డొకడు “మా అవ్వ గురిగిల సల్ల పోసిచ్చింది” అని వ్రాసెను. మేము ఎఱ్ఱసిరాతో గురిగిని కొట్టివేసి మృణ్మయపాత్ర యనియు, సల్లను కొట్టివేసి మజ్జిగ యనియు దిద్దితిమి. బాలుడు మాఱు పలుకలేదు. ఆ యేడాది యంతయు అతని వ్యాసములలో ఇంటిమాట యొక్కటియు కానరాలేదు. అవి తప్పులు లేనివే, కాని ప్రాణమును లేనివి. “కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు” అను సామెత మన కెల్లరకు తెలిసినదే. ఆ దినమున గుదియ మా చేతనే యుండెను. కుమ్మరి మొల్ల రామాయణము వ్రాసిన కులమున పుట్టియు, పిల్లవాని నోట మన్ను కొట్టితిమి.

అయితే మాటలను పుస్తకమున వ్రాసిన చాలునా? చాలదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదములను, 1971లో చేనేత పదములను మాండలిక వృత్తిపదకోశమున సంపుటములుగా వెలువరించిరి. అది మహోపకారము. కాని మన్ను లేనిదే కుండ లేదు. కుండ లేనిదే మాట నోట నిలువదు. ఈ పరగణాలో పొలములు ప్లాట్లయినవి. చెరువుల యంచులు ఇండ్లయినవి. మన్ను త్రవ్వుకొనుటకు చోటేది? పొరుగున బాలాపురమున 1994లో 450 రూపాయలకు పాడుకొన్న గణపతి లడ్డు తరువాత లక్షలు పలికినది. సంతోషమే. ఆ గణపతిని చేయు మన్నునకు గూడ వెల తెలియవలదా? 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహములు కూడదని మార్గదర్శకముల నిచ్చినది. మన సారె మరల తిరుగుట కిది మంచి తరుణము.

కావున మూడు మనవులు. మొదటిది: చెరువుమన్నును కుమ్మరులకు విడువవలయునని సంఘము అధికారులకు వ్రాతమూలముగా తెలుపవలయును. రెండవది: మన యిండ్ల పెండ్లిండ్లకును బోనములకును మట్టికుండనే వాడవలయును, మనమే విడిచినదానిని పరు లేల కొందురు? మూడవది: ఇంటింట అరువదియేండ్లు దాటిన పెద్దల నడిగి, పనిముట్టుపేరు, మన్నుపేరు, పాత్రపేరు, అది ఏ యూరి మాటయో పిల్లలచేతనే వ్రాయింపవలయును. ఆ మాటలను దిద్దవలదు.

మేమును ఒక నోటుపుస్తకము మొదలిడితిమి. అందు మొదటి పుటలో మొదటి మాట గురిగి. ఎఱ్ఱసిరాతో కొట్టివేసినదానిని నల్లసిరాతో మరల వ్రాసికొంటిమి. మీ యిండ్ల మాటలను తెచ్చి తక్కిన పుటలు నింపుదురు గాక.

స్వస్తి.